పుట్టిన దేశాన్ని బట్టి వరుస

ఉద్యోగం పోయిన రోజు నేను ఇడ్లీపిండి రుబ్బుతున్నాను. కరోనా వచ్చిన మొదటి వేసవి అది. దోహా విమానాశ్రయంలో విమానాలు ఇంజన్లకు గుడ్డలు కట్టించుకుని వరసగా నిలబడి ఉన్నాయి. మా ఎయిర్‌లైన్ వాళ్ళు ఫస్ట్ ఆఫీసర్లను, అంటే మా కోపైలట్లందరినీ, వీడియో కాల్‌కి రమ్మన్నారు. వందల మందిమి ఉన్నాం, ఎవరి మైకూ పనిచేయకుండా చేశారు. మాట్లాడినావిడ తలెత్తకుండా కాగితం చూసి చదివింది. గ్రైండర్ ఆపడం మర్చిపోయి కూర్చున్నాను. ఆ రొదలో సగం మాటలే వినపడ్డాయి. ఆ సగం చాలు.

సాయంత్రం మా ఆయన సైటు నుంచి వచ్చాక చెప్పాను. ఆయనది గుంటూరు వైపు. అల్ వక్రాలో కడుతున్న భవనాలకు ఏసీ పనులు చూసే ఇంజనీరు. బూట్లు విప్పుతూ విన్నాడు.

"నీ ఒక్కదానికేనా?"

"చానామందికి."

"పోనీలే. నా వీసా మీదకి మార్పిస్తాను. ఇల్లు కదలక్కర్లేదు కదా" అన్నాడు.

అప్పటికి అది పెద్ద ఓదార్పే. నాతోపాటు ఉద్యోగం పోయినవాళ్ళలో చాలామందికి ఇల్లూ కంపెనీదే, వీసా కంపెనీదే. పిల్లల్ని బళ్ళు మాన్పించి, కార్లు అయినకాడికి అమ్ముకుని, దొరికిన విమానంలో వెళ్ళిపోయారు.

నాకు ఉద్యోగం పోవడం అది రెండోసారి. మా నాన్న జగిత్యాలలో బస్సు డ్రైవరు. నేను ఇంజనీరింగ్ అయ్యాక ఫిలిప్పీన్స్‌లో విమానం నడపడం నేర్చుకున్నాను. అక్కడి లైసెన్సు ఇండియాలో చెల్లాలంటే మళ్ళీ పరీక్షలు రాయాలి. రాశాను. ఆ తర్వాత ఉద్యోగం కోసం ఏళ్ళ తరబడి చూశాను. దొరికిన ఎయిర్‌లైన్ కొన్నాళ్ళకు మూతపడింది. అక్కణ్ణుంచి దోహా. ఇక్కడా లైసెన్సు మార్పు, మళ్ళీ పరీక్షలు. పైలట్ బతుకంటే అందరూ ఆకాశం అనుకుంటారు గానీ నేను ఎక్కువగా చూసింది పరీక్ష హాళ్ళే.

మా మేనమామ కూడా అప్పుడు ఖతర్‌లోనే ఉన్నాడు. అమ్మకు ఆఖరి తమ్ముడు. బర్వా అల్ బరాహా అనే కూలీల క్యాంపులో ఉంటూ, స్టేడియం దగ్గర పరంజాలు కట్టే స్కఫోల్డింగ్ పని చేసేవాడు. సెలవు దొరికిన శుక్రవారం బస్సులు మారి మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు. ఊళ్ళోవాళ్ళతో ఫోన్లో "మా కోడలు ఈడనే విమానం తోలుతది" అని చెప్పుకునేవాడు. వాళ్ళు మాత్రం "దుబాయ్‌ల తోలుతదట" అని నలుగురికీ చెప్పేవాళ్ళు. ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా వాళ్ళకది దుబాయే. కరోనాకి మూసిన క్యాంపు గేట్లు తెరిచాక మొదటిసారి అరటిపళ్ళు పట్టుకుని వచ్చాడు.

"విమానం తోలుడు బందయిందట గదా బిడ్డా?"

"బందయింది మామా."

"మల్ల ఎప్పుడు పిలుస్తరు?"

"ఏం చెప్పలే."

"చెప్పరు. కంపెనీలు ఎన్నడు చెప్పినయి గన్క" అని చేతులు కడుక్కోవడానికి లేచాడు.

ఆ శీతాకాలం మా ఇంట్లోకి ఇంకో మనిషి వచ్చి చేరింది. నాతోపాటే ఎయిర్‌లైన్‌లో చేరి, నాతోపాటే ఉద్యోగం పోగొట్టుకున్న జాఫ్నా అమ్మాయి. నాకంటే చిన్నది. కంపెనీ ఇల్లు ఖాళీ చేసి కొన్నాళ్ళు ఉమ్ ఘువైలినాలో ఒక గదిలో ఉంది. కార్గో ఆఫీసులో చిన్న ఉద్యోగం చూసుకుని వీసా నిలబెట్టుకుంది గానీ, ఆ గదికి కిటికీ లేదు. మా ఆయనే "రెండో గది ఖాళీగానే ఉందిగా, రమ్మను" అన్నాడు. మేమిద్దరం ఇంగ్లీషులో మాట్లాడుకునేవాళ్ళం. కానీ తను మొదటి నుంచీ నన్ను "అక్కా" అనే పిలిచేది. ఆ మాట వాళ్ళ తమిళంలోనూ అదే, నా తెలుగులోనూ అదే కావడంతో ఇంట్లో మూడో మనిషి ఉన్నట్టు అనిపించేది కాదు.

అమెరికా మాట తెచ్చింది కూడా తనే. ఒకరోజు ఆఫీసు నుంచి వస్తూనే ఫోన్ నా ముందు పెట్టింది. కరోనాలో అక్కడి పెద్ద వయసు కెప్టెన్లు ముందుగానే రిటైరైపోయారు. జనం మళ్ళీ ప్రయాణాలు మొదలుపెట్టారు. విమానాలున్నాయి, నడిపేవాళ్ళు లేరు. చిన్న ఊళ్ళకు తిరిగే విమానాలను ఆపేస్తున్నారు.

"మనం ఇక్కడ ఖాళీగా కూర్చున్నాం. వాళ్ళకి అక్కడ మనుషుల్లేరు" అంది.

చెప్పడానికి అంత తేలిక. ఆ రాత్రి భోజనాల బల్ల దగ్గర ఇద్దరం ఒక అమెరికన్ కంపెనీకి దరఖాస్తు నింపడం మొదలుపెట్టాం. నడిపిన గంటలు అడిగారు. వాళ్ళు అడిగినదానికి మూడింతలు ఉన్నాయి. పెద్ద జెట్ విమానం అనుభవం అడిగారు. ఉంది. ప్రమాదాలు, శిక్షలు లేవు. తర్వాత పేజీలో ఒకే ప్రశ్న: అమెరికాలో పనిచేసే హక్కు మీకు ఇప్పటికే ఉందా? లేదు అని నొక్కాం. మీ ఆసక్తికి ధన్యవాదాలు అని వచ్చింది. ఇంకో కంపెనీకి పెట్టాం. ఇంకోదానికి పెట్టాం. అన్నిట్లోనూ ఆ ప్రశ్న ఉంది, కొన్నిట్లో మొదటి పేజీలోనే ఉంది. మొదట్లోనే అడిగిన కంపెనీలే నయం, శ్రమ తగ్గించాయి.

వాట్సాప్ గ్రూపుల్లో మాలాంటివాళ్ళు వందలమంది ఉన్నారు. బ్రెజిల్ వాళ్ళు, కెన్యా వాళ్ళు, మనవాళ్ళు. అక్కడ తెలిసింది దారి. కంపెనీ మనకోసం వీసా పెట్టదు. మనమే లాయరు ద్వారా, మన పని ఆ దేశానికి అవసరమని రుజువు చేసుకుని గ్రీన్ కార్డుకు అర్జీ పెట్టుకోవాలి. ఈలోగా అమెరికా లైసెన్సు సంపాదించుకోవాలి. మన లైసెన్సు నిజమైనదేనని ఇక్కడి అధికారులు అక్కడి అధికారులకు రాయాలి, వేలిముద్రలు ఇవ్వాలి, వాళ్ళ డాక్టరు చూడాలి, ఒక కోర్సు చేయాలి, రాతపరీక్ష రాయాలి, ఆ తర్వాత సిమ్యులేటర్‌లో, అంటే నేలమీది నమూనా కాక్‌పిట్‌లో, పరీక్షకుడి ముందు నడిపి చూపించాలి.

"మళ్ళీ పరీక్షలా?" అన్నాడు మా ఆయన.

"మళ్ళీనే."

"ఎన్ని దేశాలకని రాస్తావు? భూమ్మీద గాలి అంతా ఒకటే కదా."

నేను నవ్వలేదు. ఆయన కూడా నవ్వించడానికి అనలేదు.

కొన్ని నెలలు అలాగే గడిచాయి. పొద్దున ఆయన సైటుకి, ఆ అమ్మాయి ఆఫీసుకి వెళ్ళాక నేను పుస్తకాలు ముందేసుకునేదాన్ని. బయట ఫుట్‌బాల్ ప్రపంచకప్పు పనులు. మా వీధి తవ్వారు, పూడ్చారు, మళ్ళీ తవ్వారు. ఒక వారం ఉన్న మలుపు ఇంకో వారం ఉండేది కాదు. కూరగాయలకు వెళితే కొత్త దారి వెతుక్కుంటూ ఇంటికి చేరేదాన్ని. సాయంత్రం ఆ అమ్మాయి వచ్చాక ఒకరినొకరం ప్రశ్నలు అడుగుకునేవాళ్ళం. వర్క్‌షాపులో బైక్ ఇంజను విప్పినట్టు తను ప్రతి విషయాన్నీ విప్పి చూసేది. నాది బట్టీ. ఇద్దరికీ మార్కులు దాదాపు ఒకటే వచ్చేవి.

కోర్సు కోసం టెక్సాస్ వెళ్ళాం. అమెరికాకి మా పాత విజిట్ వీసాలు ఇంకా బతికే ఉన్నాయి. క్లాసులో ఎక్కువమంది ఇరవైల్లో ఉన్న అమెరికన్ కుర్రాళ్ళు. చిన్న విమానాల్లో కొత్తగా నేర్చుకునేవాళ్ళకు పాఠాలు చెబుతూ గంటలు కూడబెట్టుకున్నవాళ్ళు. వాళ్ళెవరూ జెట్ విమానం నడిపి ఉండలేదు. అందరి చేతిలోనూ ఉద్యోగాల ఆఫర్లు ఉన్నాయి. నా పక్కన కూర్చున్నతను మంచివాడు. సిమ్యులేటర్‌లో నన్ను చూసి, "నువ్వు ఇదంతా ఎప్పుడో చేసేశావుగా, ఇక్కడెందుకున్నావు?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. లైసెన్సు మార్చుకోవడానికి అన్నాను. "అయితే ఎవరు తీసుకున్నారు నిన్ను?" అన్నాడు. ఇంకా ఎవరూ లేరన్నాను. అతను తల గోక్కున్నాడు.

చివరిరోజు పాఠం చెప్పిన పెద్దాయన మా ఇద్దరినీ ఆపి, చేయి కలిపి, "గ్రీన్ కార్డు చేతికొచ్చిన రోజున మీకు ఉద్యోగం ఉంటుంది, అనుమానం లేదు" అన్నాడు. ఆయన ధైర్యం చెప్పానని అనుకున్నాడు. హోటల్‌కి తిరిగి వెళుతూ ఆ అమ్మాయి, "ఈ మాట మొదటి క్లాసులోనే చెప్పుంటే బాగుండు" అంది. రాతపరీక్ష ఇద్దరం పాసయ్యాం. సిమ్యులేటర్ పరీక్ష కూడా మరోసారి వెళ్ళి పూర్తిచేశాం.

అమెరికా లాయరుతో మాట్లాడింది దోహాకి తిరిగి వచ్చాకే. ముందే మాట్లాడాల్సిందని ఇప్పుడు అందరికీ చెబుతుంటాను. వాళ్ళకు పొద్దున, మాకు సాయంత్రం. ఒకే లాప్‌టాప్ ముందు ఇద్దరం కూర్చున్నాం. ఆవిడ ఓపికగా అన్నీ విన్నది. ఇద్దరి అర్జీలూ బలమైనవేనంది. అప్పుడు అడిగింది, "మీరు ఎక్కడ పుట్టారు?"

"శ్రీలంక" అంది ఆ అమ్మాయి.

"ఇండియా" అన్నాను.

ఆవిడ పెన్ను పక్కన పెట్టింది. డాక్టర్లు రిపోర్టు చూసి పక్కన పెట్టినట్టు.

గ్రీన్ కార్డులు పుట్టిన దేశాన్ని బట్టి ఇస్తారట. ఏ దేశానికైనా ఏటా ఇంతే అని హద్దు ఉంటుంది. శ్రీలంకలో పుట్టినవాళ్ళకు ప్రస్తుతం వరుస లేదు. అర్జీ మంజూరైతే నేరుగా ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చు. ఇండియాలో పుట్టినవాళ్ళు లక్షల్లో నిలబడి ఉన్నారు, అందులో ఎక్కువమంది ఇప్పటికే అమెరికాలో ఉంటున్న కంప్యూటర్ ఉద్యోగులు. వాళ్ళ వెనకాల నేను.

"ఎన్నేళ్ళు పడుతుంది?" అని అడిగాను.

"ఎవరైనా మీకు ఒక సంఖ్య చెబితే నమ్మకండి" అంది. తర్వాత, "మీ వారు ఎక్కడ పుట్టారు? ఇద్దరిలో ఒకరు వేరే దేశంలో పుట్టి ఉంటే దాన్ని వాడుకోవచ్చు" అంది.

మా ఆయన వంటింట్లో టీ పెడుతున్నాడు. "తెనాలి" అని అక్కణ్ణుంచే తెలుగులో అన్నాడు. నేను ఆవిడతో ఇండియానే అని చెప్పాను.

కాల్ అయిపోయాక ముగ్గురం టీ తాగాం. "మా అమ్మ నన్ను ఏ సింగపూర్‌లోనో కనాల్సింది" అన్నాడాయన. ఆ అమ్మాయి నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయింది. తనకి ఆ నవ్వు కూడా దక్కకుండా చేశానే అనిపించింది.

ఆ శుక్రవారం మామకి చెప్పాను. పప్పు కలుపుకుంటూ విన్నాడు.

"ఏడ పుట్టినవని అడిగిండ్రా? పని వస్తదా రాదా అని గాదా?"

"పని వస్తదని ఒప్పుకున్నరు మామా. పుట్టిన దేశం దగ్గరనే ఆగింది."

"గంతే. మా దగ్గర గూడ అదే పని చేసే ఫిలిప్పీను వానికి ఒక జీతం, నేపాలోనికి ఒక జీతం, మనకొక జీతం." మరో ముద్ద తిన్నాడు. "ఐతే అర్జీ పెడుతున్నవా, లేదా?"

పెట్టాను. వరుసలో చోటైనా ఉంటుందని లాయరు అంది. పెట్టకపోతే అదీ ఉండదు. ఆ వాదన తప్పని చెప్పడానికి కూడా నాలో ఓపిక లేదు. సిఫారసు ఉత్తరాల కోసం పాత కెప్టెన్లను బతిమాలాను. నా పని అమెరికాకు ఎందుకంత అవసరమో పేజీలకు పేజీలు రాశాను. రాస్తూ ఉంటే, ఇంత అవసరమైనదాన్ని వంటింటి బల్ల దగ్గర ఏం చేస్తున్నానా అనిపించేది.

ఆ అమ్మాయి అర్జీ ముందు మంజూరైంది, కొన్ని వారాలకు నాదీ మంజూరైంది. నాది అక్కడితో ఆగింది. తనది నడిచింది. ఇంటర్వ్యూ దోహాలోనే, అమెరికా రాయబార కార్యాలయంలో. తను వెళ్ళొచ్చి, "ఇంకా పరిశీలనలో ఉంది అన్నారు" అని చెప్పింది. ఆ వారమంతా వంట తనే చేసింది. కర్టెన్లు ఉతికింది. ఫ్రిజ్ ఖాళీ చేసి తుడిచింది. నేను అడగలేదు.

శనివారం పొద్దున్నే ఇద్దరం అల్ వక్రా రేవుకి చేపలకు వెళ్ళాం. వంజరం బేరం చేస్తున్నాను. వెనక నుంచి, "అక్కా, వీసా వచ్చింది. నాలుగు రోజులైంది" అంది.

చేపలతను హిందీలో ముక్కలు చేయాలా అలాగే ఇవ్వాలా అని అడుగుతున్నాడు. ముక్కలు చేయమన్నాను. తర్వాత వెనక్కి తిరిగాను. తను ఏడుస్తోంది.

"ఎందుకు దాచావు?"

"ఎలా చెప్పాలో తెలియలేదు. నీకంటే నాకేం ఎక్కువ ఉంది అక్కా?"

"పుట్టిన ఊరు" అన్నాను. కటువుగా అనాలనుకోలేదు. అలాగే వచ్చింది. తన భుజం మీద చేయి వేశాను. మంచిదే అయిందన్నాను, ఆ మాట అబద్ధం కాదు. తనకి వచ్చినందుకు బాధ లేదు. కానీ ఏ వేలిముద్రల మెషీన్ మీద తను వేళ్ళు పెట్టిందో దాని మీదే నేనూ పెట్టాను, ఏ సిమ్యులేటర్‌లో తను దిగిందో దాంట్లోనే నేనూ దిగాను. ఆ లెక్క తలలోంచి పోలేదు. ఇంటికొచ్చి చేపలు ఫ్రిజ్‌లో పెట్టి పడుకున్నాను. సాయంత్రం దాకా లేవలేదు. నిద్ర కాదు, ఏడుపూ కాదు. వట్టి అలుపు.

వేసవి మొదట్లో తను వెళ్ళిపోయింది. రెండో గదిలో నా పుస్తకాలు మళ్ళీ అట్టపెట్టెల్లోకి సర్దాను.

ఆగస్టులో మా పాత ఎయిర్‌లైన్ నుంచి మెయిల్ వచ్చింది. ప్రపంచకప్పుకి జనం వస్తారు, విమానాలు ఎక్కువ తిప్పాలి, తిరిగి చేరతారా అని. చేరితే కొత్తవాళ్ళ కిందే లెక్క, పాత సర్వీసు కలవదు. మా ఆయన ఆ మెయిల్ నాలుగుసార్లు చదివాడు.

"ఇష్టం లేకపోతే వద్దు" అన్నాడు.

"ఇష్టం సంగతి కాదు. ఇంకొన్నాళ్ళు నడపకపోతే నేను పైలట్‌ని అని చెప్పుకోవడానికి కూడా ఉండదు."

చేరాను. మెడికల్, క్లాసులు, సిమ్యులేటర్. మొదటి రోజు చేతులు స్విచ్చుల కోసం వెతుక్కున్నాయి. మూడోరోజుకి వెతకడం మానేశాయి. శిక్షకుడు, "ఇన్నాళ్ళు దూరంగా ఉన్నా చదువు ఏమాత్రం తగ్గలేదే" అన్నాడు. అమెరికా పరీక్షల సంగతి నేను చెప్పలేదు. నాకంటే వెనక చేరి, ఉద్యోగాల కోతలో పోకుండా మిగిలిన ఒకతను ఇప్పుడు కెప్టెన్. మొదటి ఫ్లైట్లలో ఒకటి అతని పక్కనే కూర్చుని చేశాను. అతను ఎంతో మర్యాదగా ఉన్నాడు. ఆ మర్యాదతోనే ఎక్కువ అలసిపోయాను.

టోర్నమెంటు ఇంకా మొదలు కాకముందే మామను వాళ్ళ కంపెనీ ఇంటికి పంపించింది. క్యాంపులో చాలామందిని అలాగే పంపారు. కట్టే పని అయిపోయింది, ఇక మనుషులక్కర్లేదు. నాకు డ్యూటీ లేని రోజు కాబట్టి విమానాశ్రయానికి కారులో దింపాను.

"ఆట ఒక్కటన్న చూసి పోదామనుకున్న" అన్నాడు.

"టీవీల చూద్దువు తీ మామా."

"చూస్త. గా గ్యాలరీ కెమెరాల వడితే మా పిల్లలకు సూపిస్త, గీడ పైపులు నేనే కట్టిన్నని." తర్వాత అడిగాడు, "అమెరికాది ఏమాయె?"

"లైన్ల ఉన్న."

"ఉండు. లైన్ల ఉంటె ఏమైతది" అని ట్రాలీ తోసుకుంటూ లోపలికి వెళ్ళాడు. మళ్ళీ గల్ఫ్ రాలేదు. ఇప్పుడు ఊళ్ళో ఇంటి పనులకు పరంజా కడుతున్నాడు.

ఆ నవంబర్, డిసెంబర్ నెలలు నాకు సరిగ్గా గుర్తులేవు. చుట్టుపక్కల నగరాల నుంచి పొద్దున అభిమానుల్ని తెచ్చి, ఆట అయ్యాక తిరిగి దింపే ఫ్లైట్లు. దిగడం, నింపడం, ఎగరడం. వెనక క్యాబిన్‌లో పాటలు, డప్పులు. కాక్‌పిట్ తలుపు ఇవతల మేమిద్దరం చెక్‌లిస్టులు చదువుకుంటూ ఉండేవాళ్ళం. ఊరు మొత్తం జాతరలా ఉందని మా ఆయన చెప్పేవాడు. నేను ఇంటికొస్తే కర్టెన్లు వేసి పడుకునేదాన్ని.

ఆ రోజుల్లోనే ఆ అమ్మాయి ఫోన్ చేసింది. ఒక చిన్న ఎయిర్‌లైన్‌లో చేరింది, ట్రైనింగ్ అయిపోయింది. మంచు పడే ఊళ్ళో ఒక ఇంట్లో పైలట్లంతా కలిసి మంచాలు పంచుకుని ఉంటున్నారట. విమానం మేము నడిపినదాంట్లో సగం కూడా ఉండదు. పిలుపు ఎప్పుడొస్తుందో అని యూనిఫాం వేసుకుని ఎయిర్‌పోర్టులోనే కూర్చుంటుంది. కెప్టెన్ తనకంటే చిన్నవాడు.

"బాగుందా?" అన్నాను.

"చలి, అక్కా. తిండి సరిగా లేదు. కానీ ఒకటుంది. ఇక్కడ ఉద్యోగం పోతే ఉద్యోగమే పోతుంది. ఇల్లు, వీసా, దేశం అన్నీ ఒకే రోజు పోవు."

అమెరికా గురించి నేను విన్న మాటల్లో నాకు నమ్మబుద్ధి వేసింది అదొక్కటే.

ఆ తర్వాత మరికొన్నేళ్ళు గడిచాయి. మిగతా దేశాల వాళ్ళకు కూడా వరుసలు మొదలయ్యాయని, చిన్న ఎయిర్‌లైన్లు మునుపటిలా మనుషుల్ని తీసుకోవడం లేదని విన్నాను. నేను ఇంకా కోపైలట్ కూర్చునే కుడివైపు సీట్లోనే ఉన్నాను. కెప్టెన్ పరీక్షకు నా వంతు దగ్గరికొచ్చింది. కొత్తగా చేరిన మన పిల్లలు, హైదరాబాదు వాళ్ళు, విశాఖ వాళ్ళు, నా నంబరు సంపాదించి ఫోన్ చేస్తుంటారు. "మేడమ్, అమెరికాకి ఏం చేయాలి?" అని.

ముందు లాయరుతో మాట్లాడండి, కోర్సు తర్వాత, అంటాను. వరుస సంగతి చెబుతాను. వద్దని మాత్రం ఎవరికీ చెప్పలేను. మొన్న ఒక అమ్మాయి అంతా విని, "అయినా పెడతాను మేడమ్, నాకింకా వయసుంది" అంది.

"పెట్టమ్మా" అన్నాను. మధ్యాహ్నం ఫ్లైట్ ఉంది. యూనిఫాం ఇస్త్రీ చేసుకోవాలని చెప్పి ఫోన్ పెట్టేశాను.